తోడు పెట్టడం వచ్చా?

"అన్నా, ఇంటర్వ్యూల ఈస్ట్ స్టార్టర్ ఎట్ల చేస్తవని అడిగిండ్రు. పుస్తకంల ఉన్నదంత చెప్పిన. మే నెలల ఎట్ల చేస్తవని మల్ల అడిగిండ్రు. నాకు మాట రాలే."

లాలాగూడలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటాడా అబ్బాయి. మొన్ననే బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేశాడు. నగరంలో ఒక మైక్రోబ్రూవరీలో అసిస్టెంట్ ఉద్యోగానికి వెళ్లి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. నేను పదకొండేళ్లుగా ఆ పనిలోనే ఉన్నానని తెలిసి నా దగ్గరికి వచ్చాడు. రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఉద్యోగాలకు వెళ్లే పిల్లలు సికింద్రాబాద్‌లో ఇంకా చాలామంది ఉన్నారు.

నేను ముందు అడిగింది ఒకటే. "మీ అమ్మ పెరుగు తోడేస్తుంటే ఎన్నడన్న దగ్గరుండి చూసినవా?"

చూడలేదన్నాడు. అక్కడే మొదలుపెట్టాం. పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాయో లేదో వేలు ముంచి చూసి, చెంచాడు తోడు వేసి మూతపెడతారు. చలికాలమైతే తోడు కాస్త ఎక్కువేసి గిన్నెకు గుడ్డ చుడతారు. ఎండాకాలం తోడు తగ్గిస్తారు, లేకుంటే తెల్లారేసరికి పులిసిపోతుంది. నిన్నటి పెరుగు ఉంటే సరే, మూడు రోజులది మిగిలితే దాన్ని నమ్మక పక్కింటికి గిన్నె పట్టుకెళ్తారు. తోడు ఎంత, దాని వయసెంత, పాల వేడి ఎంత, గిన్నె శుభ్రమేనా. ఈస్ట్ స్టార్టర్‌లో ఉన్నవీ ఈ నాలుగు ప్రశ్నలే. మన గీత కార్మికులకు ఇది తరతరాలుగా తెలుసు. చెట్టుకు కట్టే లొట్టిలో నిన్నటి కల్లు మడ్డి కొంచెం అంటుకుని ఉంటే, కొత్తగా దిగిన కల్లు గంటల్లోనే పొంగుతుంది. నీరా కావాలనుకుంటే అదే లొట్టిని కడిగి లోపల సున్నం పూస్తారు, పులియకుండా.

పెరుగుకూ బీరుకూ ఒక తేడా మాత్రం ఉంది. పాలలో తోడు పడగానే అందులోని సూక్ష్మజీవులు త్వరగా పులుపు పుట్టించి, మిగతావాటిని రానివ్వకుండా చేస్తాయి. బార్లీ మాల్ట్ నుంచి దిగిన తీపి రసాన్ని వర్ట్ అంటాం. అది చల్లారిందంటే గాలిలో ఉన్న ప్రతి క్రిమికీ విందే. ఈస్ట్ కణాలు తక్కువగా పడితే అవి ముందు తమ సంతానాన్ని పెంచుకునే పనిలో పడతాయి. ఆ ఇరవై ముప్పై గంటల్లో వేరేవాళ్లు వచ్చి విస్తరి ముందు కూర్చుంటారు. బాక్టీరియా రాకపోయినా, తక్కువమందితో ఎక్కువ పని చేయించినట్టు ఈస్ట్ అలసిపోతుంది. బీరులో ఘాటైన వాసనలు వస్తాయి, తీపి మిగిలిపోతుంది, పులియడం మధ్యలో ఆగిపోతుంది. అందుకే అసలు వంటకు ఒకటి రెండు రోజుల ముందే కొంచెం వర్ట్‌లో ఈస్ట్‌ను పెంచి, సైన్యాన్ని సిద్ధం చేసుకుని దింపుతాం. స్టార్టర్ అంటే ఇదే.

ఎంత సైన్యం కావాలో లెక్క ఉంది. మామూలు ఏల్ బీరుకు ఒక్కో మిల్లీలీటరుకు, ఒక్కో ప్లేటో డిగ్రీకి 7.5 లక్షల కణాలు. చల్లగా పులియబెట్టే లాగర్‌కు దానికి రెట్టింపు, 15 లక్షలు. ప్లేటో డిగ్రీ అంటే వర్ట్‌లో కరిగిన చక్కెరల కొలత. 12 డిగ్రీల వర్ట్ అంటే నూరు గ్రాముల్లో సుమారు 12 గ్రాములు. ఆ లెక్కన 1000 లీటర్ల ఏల్‌కు 9 లక్షల కోట్ల కణాలు కావాలి. బడ్జెట్ వార్తల్లో వినే అంకె ఇది. ఇంటర్వ్యూలో ఈ లెక్క కాగితం మీద చేసి చూపించగలిగితే ఎదుటివాళ్లు కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు.

ఇక్కడే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో బీరు చేసి నేర్చుకుందామనుకోకండి. అమెరికాలో 1978లో వచ్చిన చట్టం ఇంట్లో బీరు చేసుకోవడానికి దారి తెరిచింది. అక్కడున్న మనవాళ్లు కొందరు గ్యారేజీల్లో చేసుకుంటారు, ఆ ఫోటోలు మనకూ పంపుతారు. ఇక్కడ 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం. తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు 2015లో నిబంధనలు వచ్చాయి. పని నేర్చుకోవాలంటే అలా లైసెన్సు ఉన్న చోటే. ఉద్యోగం కోసం వెళ్తూ కేసు తలకెత్తుకోవద్దు. ఇంట్లో చట్టానికి లోబడి చేయగల సాధన ఒకటి ఉంది, అది తర్వాత చెబుతాను.

ఇప్పుడు, లైసెన్సు ఉన్న చోట చేసే లీటరు స్టార్టర్‌ను దగ్గరనుంచి చూద్దాం.

రెండు లీటర్లు పట్టే బోరోసిలికేట్ ఫ్లాస్క్ తీసుకోండి. అందులో లీటరు నీళ్లకు 100 గ్రాముల మాల్ట్ పొడి. దీంతో సాంద్రత 1.037 దగ్గర ఉంటుంది. 1.040 దాటనివ్వకండి. ఇక్కడ ఈస్ట్ పెరగాలి, కుస్తీ పట్టకూడదు. మాల్ట్ పొడికి బదులు పంచదార వేస్తే ఈస్ట్ తేలిక తిండికి అలవాటుపడుతుంది, తర్వాత వర్ట్‌లోని మాల్టోజ్ చక్కెరను తినడానికి మొరాయిస్తుంది. పొడి కరుగుతుంటే హార్లిక్స్ వాసన వస్తుంది. అది కూడా మాల్టే కదా అని ఒకరిద్దరు నన్ను అడిగారు. అందులో పాలున్నాయి, పనికిరాదు. నల్లా నీళ్లలోని క్లోరిన్ మాల్ట్‌తో కలిస్తే ఆసుపత్రి వాసన పట్టుకుంటుంది, కాబట్టి ఫిల్టర్ నీళ్లు వాడండి.

పొడిని చల్లని నీళ్లలోనే కలపండి. మరుగుతున్న నీళ్లలో వేస్తే గడ్డకడుతుంది, పైగా ఒక్కసారిగా పొంగి స్టవ్ మీదికి వస్తుంది. మామూలుగా కూడా మొదటి మరుగులో పాలకంటే వేగంగా పొంగుతుంది. ఫోన్ పక్కన పెట్టి అక్కడే నిలబడండి. 15 నిమిషాలు మరిగాక మంట ఆర్పి, మూతికి అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. పది నిమిషాలు బయట ఉంచి, తర్వాత ఐసు నీళ్ల బేసిన్‌లో దింపండి. ఫ్లాస్క్ అడుగును చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగలాలి. థర్మామీటర్ ఉంటే 22 నుంచి 25 డిగ్రీలు.

ఇప్పటిదాకా చేసింది వంట. ఇక్కడినుంచి ఆపరేషన్ థియేటర్. ఈస్ట్ ప్యాకెట్, కత్తెర, ఫ్లాస్క్ మూతి, మీ చేతులు, అన్నిటినీ 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. 99 శాతానిది ఇంకా మంచిదనుకుంటారు. కాదు. నీరు కలిసి ఉంటేనే అది క్రిమి లోపలికి దిగి చంపుతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు, నిప్పంటుకుంటుంది. ఫాయిల్ ఒక పక్క ఎత్తి, ఈస్ట్ పోసి, వెంటనే కప్పేయండి. మూతి గట్టిగా బిగించవద్దు. పుట్టే వాయువుకు దారి లేకపోతే గాజు పగులుతుంది.

అయస్కాంతం తిరిగే స్టిర్ ప్లేట్ ఉంటే దానిమీద పెట్టండి. లేకుంటే అటుగా వెళ్లిన ప్రతిసారీ ఫ్లాస్క్‌ను గుండ్రంగా తిప్పండి. ఈస్ట్ కొత్త కణాల పొరలు కట్టుకోవడానికి ఆక్సిజన్ కావాలి. స్టార్టర్‌లో మాత్రమే దానికి గాలి విడవకుండా ఇస్తాం. 12 గంటలకు రసం పాలు కలిపిన కాఫీ రంగుకు వస్తుంది. తిప్పితే నురుగు లేచి, అడుగున మీగడలాంటి పొర కదులుతుంది. 24 నుంచి 36 గంటల్లో పని అయిపోతుంది. ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచితే ఈస్ట్ అడుగుకు దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. ఆ తేట పారబోసి, అడుగున రెండు వేళ్ల మందం ఉంచి, కలిపి ట్యాంకులో వేస్తాం. వేసే ముందు వాసన చూడండి. రొట్టె పిండి వాసన, కొంచెం పండు వాసన వస్తే మంచిది. వెనిగర్ గాని నెయిల్ పాలిష్ గాని గుర్తొస్తే సింకులో పోయండి.

డ్రై ఈస్ట్ సంగతి వేరు. అది ఎండబెట్టకముందే తన కణాల్లో నిల్వలు నింపుకుని వస్తుంది. స్టార్టర్ చేస్తే ఆ నిల్వలు ఖర్చవడమే గాని లాభం లేదు. దాని బరువుకు పదింతల నీళ్లలో, 30 నుంచి 35 డిగ్రీల వేడిలో, కాసేపు నానబెడితే చాలు. "డ్రై ఈస్ట్‌కు ఎంత స్టార్టర్ చేస్తావు?" అన్నది ఇంటర్వ్యూలో వల వేసే ప్రశ్న. చేయను అన్నదే జవాబు.

మా వీధి అబ్బాయిని ఆపేసిన ప్రశ్నకు వద్దాం. ఈ పని మీద పుస్తకాలు రాసినవాళ్లు ఎక్కువగా చలి దేశాలవాళ్లు. వాళ్లు గది ఉష్ణోగ్రత అని రాస్తే 20 డిగ్రీలు. మే నెలలో మన లాలాగూడలో ఫ్యాను తిరుగుతున్న గది 35 దాటుతుంది. ఆ వేడిలో ఈస్ట్ త్వరగా పెరుగుతున్నట్టే కనిపిస్తుంది, కానీ ఒత్తిడితో బలహీనపడుతుంది, బాక్టీరియా దానికంటే హుషారుగా ఉంటుంది. ఇంకో సంగతి. ద్రవ ఈస్ట్ ఫ్రిజ్‌లో ఉన్నా నెలకు సుమారు ఐదో వంతు చచ్చిపోతుందని లెక్క వేసుకుంటాం. ఎండలో కొరియర్ వ్యాన్‌లో రెండు రోజులు తిరిగితే ఆ లెక్క కూడా పనిచేయదు. కాబట్టి పార్సెల్ సోమవారం బయల్దేరేలా ఆర్డర్ పెట్టండి, శనివారం ఆదివారం గోడౌన్‌లో ఇరుక్కోకుండా. వాచ్‌మన్ దగ్గర వదిలేయమని చెప్పకండి, వచ్చేటప్పుడు మీరే ఉండండి. తెరవగానే ఐసు ప్యాక్ మీద చెయ్యి పెట్టి, గడ్డగా ఉందో నీళ్లయిందో పుస్తకంలో రాయండి. స్టార్టర్ సాయంత్రం మొదలుపెట్టండి. ఏసీ గది దొరక్కపోతే వెడల్పాటి టబ్‌లో నీళ్లు పోసి, ఫ్లాస్క్‌కు తడి గుడ్డ చుట్టి నిలబెట్టండి, కూజా చల్లబడినట్టే చల్లబడుతుంది. నీళ్లు మాత్రం మూతి దాకా రానివ్వకండి. వానాకాలంలో గాలి తడిగా ఉంటుంది కాబట్టి ఈ ఉపాయం అంతగా పారదు, అప్పుడు ఐసు సీసాలు వాడండి.

ఫ్యాను అన్నాను కదా. ఫ్లాస్క్ తెరిచే ప్రతిసారీ ఫ్యాను ఆపండి, అది గదిలోని దుమ్మంతా తెచ్చి మూతిలో పోస్తుంది. చెమట కారుతుంది, తప్పదు. ఆ మాటకొస్తే ఈ కష్టం మన సికింద్రాబాద్‌కు కొత్త కాదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దోమలు చెదిరిపోతాయని పంకా ఊపనివ్వలేదు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆ భవనం పక్కగా వెళ్లినప్పుడల్లా నాకు ఆ మరలే గుర్తొస్తాయి.

మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం రానివాడు ఈ ఉద్యోగంలో ట్యాంకులు కడిగే దగ్గరే ఆగిపోతాడు. అందుకని కణాల లెక్క తప్పకుండా నేర్చుకోండి. గీతలు చెక్కిన గాజు పలక, హీమోసైటోమీటర్, చాలా కాలేజీ ల్యాబుల్లో రక్తకణాలు లెక్కపెట్టడానికి ఉంటుంది. స్టార్టర్ నమూనాను 100 రెట్లు పలచన చేసి, మిథిలీన్ బ్లూ కలిపి చూడండి. చచ్చిన కణాలు నీలంగా మారతాయి, బతికినవి తెల్లగా ఉంటాయి. నడిమి 25 గళ్లలో మొత్తం 120 కణాలు కనబడ్డాయనుకుందాం, అందులో 6 నీలం. 120ని 10,000తో, మళ్లీ 100తో గుణిస్తే మిల్లీలీటరుకు 12 కోట్లు. బతికినవి 95 శాతం, అంటే 11.4 కోట్లు. 9 లక్షల కోట్లు కావాలంటే ఈ తోడు సుమారు 79 లీటర్లు వేయాలి. తల్లి కణానికి అంటుకున్న పిల్ల మొగ్గ తల్లిలో సగానికి మించి ఉంటే దాన్ని వేరుగా లెక్కపెట్టండి, చిన్నదైతే వదిలేయండి. ఏ పద్ధతి పాటించినా ప్రతిసారీ అదే పాటించండి. బతికినవి 90 శాతం కంటే తగ్గితే ఆ ఈస్ట్‌ను అనుమానించండి.

79 లీటర్ల తోడు ఒక్కసారిగా రాదు. 10 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి 100, తర్వాత లీటరు, 10 లీటర్లు, 100 లీటర్లు. ఒక్కో మెట్టు పదింతలు. మెట్టు దాటించి దూకితే, చెంచాడు తోడుతో బిందెడు పాలు తోడేసినట్టే. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపించినప్పటినుంచి బ్రూవరీలు చాలావరకు ఈ మెట్లే ఎక్కుతున్నాయి.

నేను ఒకసారి లెక్క మానేశాను. ఉద్యోగంలో రెండో ఏడు. శుక్రవారం రాత్రి, వర్ట్ సిద్ధంగా ఉంది, ఫ్రిజ్‌లో ఉన్న ఈస్ట్ డబ్బా మూడు వారాల పాతది. చూడటానికి చిక్కగా, బాగానే ఉంది. మైక్రోస్కోప్ తీయడానికి అరగంట పడుతుందని బద్ధకించి వేసేశాను. శనివారం ఉదయం ట్యాంకు నిశ్శబ్దంగా ఉంది. గొట్టం నుంచి ఒక్క బుడగ లేదు. ఆదివారం సాయంత్రానికి కదిలింది గాని, వాసన అప్పటికే పుల్లగా ఉంది. వెయ్యి లీటర్లు డ్రెయిన్‌లోకి పోయాయి. పైప్ పట్టుకుని నిలబడ్డది నేనే. అది ఖాళీ కావడానికి పట్టిన సమయంలో ఆ డబ్బాను నాలుగుసార్లు లెక్కపెట్టగలిగేవాణ్ని. ఆ తర్వాత లెక్క లేకుండా ఎన్నడూ వేయలేదు.

ట్యాంకుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పులుస్తున్న ట్యాంకులోకి, ఖాళీ చేసిన ట్యాంకులోకి కూడా తల పెట్టవద్దు. లోపల కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువుగా అడుగున కూర్చుని ఉంటుంది. రెండు మూడు శ్వాసల్లో మనిషి పడిపోతాడు. తీయడానికి దిగినవాడు కూడా పడిపోతాడు. మేనేజర్ చెప్పినా, పర్మిట్ లేకుండా, గ్యాస్ కొలవకుండా, బయట మనిషి లేకుండా దిగకండి. ఆ విషయంలో ఎదురు చెప్పినందుకు ఉద్యోగం పోతే పోనివ్వండి.

ఇంటి సాధన చెబుతానన్నాను. ఇందులో ఈస్ట్ ఉండదు, బీరూ ఉండదు, మీ చేతి శుభ్రత మాత్రమే పరీక్షకు నిలబడుతుంది. మూడు గాజు సీసాలు, ఒక గరాటు ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి, పూర్తి ఒత్తిడి వచ్చాక 20 నిమిషాలు ఉంచండి. పూర్తి ఒత్తిడిలో లోపలి వేడి 121 డిగ్రీల దగ్గరకు వెళ్తుంది. మామూలు మరుగుకు చావని బీజాలు కూడా చస్తాయి. పైన చెప్పినట్టే మాల్ట్ రసం మరిగించి, చల్లార్చి, అచ్చం ఈస్ట్ వేసేటప్పటిలాగే ఫాయిల్ ఎత్తి, సీసాల్లో పోసి కప్పండి. నీడలో మూడు రోజులు ఉంచండి. రసం తేటగా ఉంటే మీ చెయ్యి శుభ్రం. మబ్బు పట్టినా, బుడగలొచ్చినా, ఎక్కడో తప్పు జరిగింది, వెతకండి. రుచి చూడకండి, మూడు రోజుల తర్వాత పారబోయండి. బ్రూవరీల్లో కూడా వర్ట్ శుభ్రతను ఇలాగే పరీక్షిస్తారు.

ఈ పని నేర్చుకుంటే బీరు దగ్గరే ఆగిపోవాలని లేదు. జూబ్లీ బస్ స్టేషన్‌లో శామీర్‌పేట బస్సెక్కితే టీకాల, మందుల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ దారి. సుచిత్ర, కొంపల్లి మీదుగా వెళ్తే మేడ్చల్, అక్కడా అలాంటి కంపెనీలే. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన షాన్‌వాక్-బి, మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా, ఈస్ట్ కణాల్లో పండిందే. అది పికియా పాస్టోరిస్ అనే వేరే ఈస్ట్, పద్ధతి మాత్రం అదే. చిన్న సీసా, ఫ్లాస్క్, చిన్న ఫర్మెంటర్, పెద్ద ఫర్మెంటర్. అక్కడ దాన్ని సీడ్ కల్చర్ అంటారు. బేకరీలో రాత్రి కలిపి పెట్టే స్పాంజి పిండి కూడా ఇదే కుటుంబం. కాబట్టి మీ బయోడేటాలో బ్రూవరీలో పనిచేశాను అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఈస్ట్ పెంపకం, కణాల లెక్క, బతికినవాటి శాతం, శుభ్రత పరీక్షలు అని విడివిడిగా రాయండి. ఇవి చూసేవాళ్లకు మీ విలువ తెలుస్తుంది.

నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. తేదీ, ఈస్ట్ వచ్చిన రోజు, ఐసు గడ్డగా ఉందా, గది వేడి, రసం సాంద్రత, పోసిన గంట, మొదటి నురుగు కనిపించిన గంట, లెక్క, నీలం కణాలు, వాసన. తప్పు జరిగితే అది కూడా, కొట్టివేయకుండా.

మా వీధి అబ్బాయి ఆ వారమే మూడు సీసాలు పెట్టాడు. మూడో రోజుకు రెండు మబ్బు పట్టాయి. ఏం చేశావని అడిగితే, గరాటును వంటింటి గుడ్డతో తుడిచానన్నాడు. ఆ వాక్యం నోట్‌బుక్‌లో రాయించాను. రెండోసారి ఫ్యాను ఆపి, గరాటును కుక్కర్ నుంచి తీసి నేరుగా వాడాడు. నిన్న సాయంత్రం సీసాలు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. దీపం వెలుగుకు ఎత్తి చూశాం. మూడూ తేటగా ఉన్నాయి. వచ్చే సోమవారం మళ్లీ ఇంటర్వ్యూ ఉంది. నోట్‌బుక్ పట్టుకెళ్లమన్నాను, గుడ్డతో తుడిచిన పేజీ చింపకుండా.